కాల్చమన్న కాగితాలు, దాచిన చేతులు

పొయ్యి దగ్గర

1823లో లండన్‌లో సర్ ఎవరార్డ్ హోమ్ అనే పేరుమోసిన సర్జన్ ఇంటి చిమ్నీలోంచి మంటలు ఎగిశాయి. ఇల్లు అంటుకుందనుకుని మంటలార్పే బండి పరుగెత్తుకొచ్చింది. ఇల్లేమీ కాలలేదు. కాలినవి హోమ్ బావగారు జాన్ హంటర్ చేతిరాత కాగితాలు. శస్త్రచికిత్సను కత్తిపని స్థాయి నుంచి శాస్త్రం స్థాయికి తెచ్చినవాడని ప్రపంచం ఇప్పటికీ తలుచుకునే హంటర్, ముప్పై ఏళ్లకు పైగా జంతువుల్నీ మనుషుల్నీ కోసి చూసి రాసుకున్న విషయాలన్నీ ఆ కట్టల్లోనే ఉండేవి.

హంటర్ 1793లో చనిపోయాడు. అప్పులు తప్ప ఇంట్లో పెద్దగా ఏమీ మిగల్చలేదు. సీసాల్లో భద్రపరిచిన అవయవాలు, ఎముకలు, కాగితాల కట్టలు మాత్రం లెక్కకు మించి ఉన్నాయి. ప్రభుత్వం 1799లో ఆ సేకరణను 15,000 పౌండ్లకు కొని సర్జన్ల సంఘానికి అప్పగించింది. అందులోంచి కాగితాలను బావమరిది హోమ్ తన ఇంటికి తీసుకెళ్లాడు, పట్టిక తయారుచేస్తానని. ఆ పట్టిక ఎన్నాళ్లకూ రాలేదు. హోమ్ పేరుతో పరిశోధన వ్యాసాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. చివరికి అసలు కాగితాలు పొయ్యిలోకి వెళ్లాయి. బావ కాగితాల్లోంచి ఎత్తిరాసిన సంగతి బయటపడకుండా కాల్చేశాడన్న అనుమానం హోమ్‌ను ఈరోజుకీ వదల్లేదు.

ఇంత జరిగినా హంటర్ రాసిందాంట్లో సగానికి దగ్గరగా మనకు మిగిలింది. దానికి కారణం విలియం క్లిఫ్ట్. పదిహేడేళ్ల వయసులో, 1792లో, హంటర్ దగ్గర రాతపనికీ బొమ్మలు వేయడానికీ చేరిన కుర్రాడు. గురువు రెండేళ్లు తిరక్కుండానే పోయాడు. వారానికి 7 షిల్లింగుల జీతంతో క్లిఫ్ట్ ఆ ఇంట్లోనే ఉండిపోయి, ఏళ్ల తరబడి సీసాలకు కాపలా కాశాడు. ఆ ఖాళీ సమయంలోనే, ఎవరూ చెప్పకుండానే, గురువుగారి కాగితాలు ఒక్కొక్కటీ నకలు రాసి పెట్టుకున్నాడు. ఆ నకళ్లను తర్వాత ఆయన అల్లుడు రిచర్డ్ ఓవెన్ 1861లో అచ్చు వేయించాడు. వైద్య చరిత్రలో గురుదక్షిణ అన్న మాటకు ఇంతకన్నా నిండైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

హంటర్ చిత్రపటం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1786లో జోషువా రేనాల్డ్స్ వేసిన ఆ చిత్రంలో పైన ఒక మూల రెండు పాదాల ఎముకలు వేలాడుతూ ఉంటాయి. మనిషి కనపడడు, పాదాలే కనపడతాయి. అవి ఐర్లండ్ నుంచి వచ్చిన, ఏడున్నర అడుగులు దాటిన పొడగరి చార్లెస్ బర్న్‌వి. తన శవాన్ని డాక్టర్లు కోస్తారని భయపడి, సముద్రంలో పడేయమని స్నేహితులకు చెప్పి చనిపోయాడాయన. హంటర్ డబ్బిచ్చి ఆ దేహాన్ని దక్కించుకున్నాడు. రెండు శతాబ్దాలకు పైగా జనం చూస్తూ వచ్చిన ఆ అస్థిపంజరాన్ని 2023లో హంటర్ మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు ప్రదర్శన నుంచి తీసేశారు. చిత్రంలోని పాదాలు మాత్రం అలాగే ఉన్నాయి.

నెమలి మాంసం

పైది దాచాల్సినవాడు కాల్చిన కథ. రాసినవాడే కాల్చమన్నా ఇంకొకరు దాచిన కథ కూడా ఉంది.

సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు తన కాగితాలను తగలబెట్టే అలవాటు కుర్రతనం నుంచే ఉంది. 1885లో, ఇంకా ముప్పై ఏళ్లు నిండకముందే, అప్పటిదాకా రాసుకున్న నోట్సులు, ఉత్తరాలు నాశనం చేసి, రేపు తన జీవితచరిత్ర రాయబోయేవాళ్లు అవస్థ పడతారని కాబోయే భార్యకు సంబరంగా రాశాడు. అయితే బెర్లిన్‌లోని చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్లీస్‌కు రాసిన ఉత్తరాలు ఆయన చేతిలో లేవు. మనోవిశ్లేషణ అనే శాస్త్రం పురుడు పోసుకుంటున్న రోజుల్లో, తన కలల్నీ భయాల్నీ తప్పుడు ఊహల్నీ దాపరికం లేకుండా ఫ్రాయిడ్ ఆ మిత్రుడితోనే చెప్పుకున్నాడు.

ఫ్లీస్ పోయాక ఆయన భార్య ఆ కట్టను ఒక పుస్తకాల వ్యాపారికి అమ్మింది. ఫ్రాయిడ్ చేతికి మాత్రం వెళ్లకూడదన్నది ఆవిడ షరతు. 1936 చివర్లో అవి పారిస్‌లో మేరీ బోనపార్ట్ దగ్గరికి వచ్చాయి. నెపోలియన్ తమ్ముడి వంశంలో పుట్టి, గ్రీసు రాజకుటుంబంలో మెట్టిన ఈవిడ ఫ్రాయిడ్ శిష్యురాలు. కొనేసి గురువుకు కబురు పంపింది. ఆయన కంగారుపడి, వాటిని నాశనం చేయాల్సిందేనన్నాడు. నెమలి మాంసం వండే పద్ధతి గురించి ఆమెకు ఒక పాత ముచ్చట కూడా చెప్పాడు: నెమలిని మట్టిలో పాతిపెట్టాలి, వారం తర్వాత బయటికి తీయాలి, తీసి అవతల పారేయాలి!

శిష్యురాలు ఒప్పుకోలేదు. ఉత్తరాలను వియన్నాలో రాత్‌షీల్డ్ బ్యాంకులో దాచింది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. యూదుల బ్యాంకు కాబట్టి అందులో ఏదీ మిగలదని అందరికీ తెలుసు. రాజకుటుంబపు హోదా చూపించి, గెస్టపో మనుషులు నిలబడి చూస్తుండగానే ఆమె పెట్టె తెరిపించి ఉత్తరాలు బయటికి తెచ్చుకుంది. యుద్ధం పారిస్‌కు వచ్చినప్పుడు అవి డెన్మార్క్ దౌత్య కార్యాలయంలో తలదాచుకున్నాయి. ఆ తర్వాత నీటిలో మందుపాతరలు ఇంకా ఉన్న ఇంగ్లిష్ చానెల్ మీదుగా ఓడలో లండన్ చేరాయి. ఓడ మునిగినా తేలేలా నీళ్లు చొరబడని గుడ్డలో చుట్టి మరీ పంపారు. మొత్తం 284 ఉత్తరాలు. పూర్తిగా అచ్చయింది 1985లో.

ఫ్లీస్ తిరిగి రాసిన ఉత్తరాలు మాత్రం మిగల్లేదు. అవి ఫ్రాయిడ్ దగ్గర ఉండేవి మరి.

కవరు మీద రాసిన పేరు

డాక్టర్ జేమ్స్ బ్యారీ బ్రిటిష్ సైన్యంలో ఆస్పత్రుల ఇన్‌స్పెక్టర్ జనరల్ దాకా ఎదిగిన వైద్యుడు. 1826లో కేప్ టౌన్‌లో సిజేరియన్ చేసి తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ బతికించాడు. ఆ కాలంలో అది దాదాపు జరగని పని. పుట్టిన పిల్లవాడికి తల్లిదండ్రులు డాక్టరు గారి పేరే పెట్టుకున్నారు. 1865లో బ్యారీ చనిపోయాక, శవానికి స్నానం చేయించిన మనిషి చూసి చెప్పింది: డాక్టరు గారు ఆడమనిషి అని.

నిజమా, పుకారా అన్న వాదన నూట నలభై ఏళ్లు నడిచింది. దాన్ని తేల్చింది ఒక గుమాస్తా తరహా అలవాటు. 1809 డిసెంబర్ 14న, ఎడిన్‌బరోలో వైద్యం చదవడానికి చేరిన కొత్తలో, బ్యారీ తమ కుటుంబ లాయరు డేనియల్ రియర్డన్‌కు ఒక ఉత్తరం రాశాడు. కింద సంతకం బ్యారీ పేరుతోనే ఉంది. లాయరు మాత్రం, వచ్చిన ప్రతి ఉత్తరం పైనా ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాసుకునే తన పద్ధతి ప్రకారం, పైన "మిస్ బల్క్‌లీ" అని రాసి తేదీ వేసి కట్టలో పెట్టేశాడు. మార్గరెట్ బల్క్‌లీ అనే అమ్మాయి, అమ్మాయిలను వైద్య కళాశాలల్లో చేర్చుకోని రోజుల్లో, మేనమామ పేరు పెట్టుకుని అబ్బాయిగా మారి చదువుకెళ్లిందన్నమాట. దక్షిణాఫ్రికాకు చెందిన విశ్రాంత వైద్యుడు డు ప్రీజ్ ఆ కాగితాలు తిరగేసి, చేతిరాతలు నిపుణుల చేత పోల్పించి, 2008లో ఈ సంగతి ప్రకటించాడు.

యాభై ఏళ్లకు పైగా దాగిన రహస్యం అది. దాన్ని దాచడంలో ఎంత జాగ్రత్తపడిందో ఆ అమ్మాయి! లాయరు గారి ఉత్తరాల కట్ట సంగతి ఆమెకు తట్టి ఉండదు.

విశాఖలో పాములు పట్టించిన డాక్టరు

వైద్యుల కాగితాల్లో వైద్యమే ఉంటుందని అనుకోకూడదు. మన మాటలు కూడా ఉంటాయి.

ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగుల మధ్య పనిచేసి, దాని మీద పెద్ద గ్రంథం రాసినవాడు. తమ్ముడు క్లాడ్‌కు విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం వస్తే, తోడుగా 1781లో బయల్దేరి వచ్చాడు. ఇక్కడ పాముకాటు చావులు చూసి, ఏది విషప్పామో ఏది కాదో జనానికి తెలియడం లేదని బాధపడ్డాడు. పట్టించాడు, బొమ్మలు గీయించాడు, కాటు వేస్తే ఏమవుతుందో కుక్కల మీదా కోళ్ల మీదా పరీక్షించి రాశాడు. 1796లో అచ్చయిన ఆ పుస్తకంలో పాములకు శాస్త్రీయమైన లాటిన్ పేర్లు లేవు. మనవాళ్లు చెప్పిన పేర్లనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు.

ఇప్పుడు ప్రపంచమంతా ఆయన పేరుతో రస్సెల్స్ వైపర్ అని పిలిచే రక్తపింజరికి ఆయన రాసుకున్న పేరు "కాటుక రేకుల పొడ". ఒంటి మీద గొలుసుకట్టుగా ఉండే నల్లంచు మచ్చల్ని చూసి ఎవరో పెట్టిన పేరు. ఎంత అందమైన మాట! పొడపాము అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు కానీ, కాటుక రేకులు మన నోట జారిపోయి ఆ పుస్తకంలో మిగిలాయి.

ఇంకొకటి ఇంతకన్నా దూరం వెళ్లింది. పసుపు, నలుపు పట్టీల పామును ఆయన "బంగారం పాము" అని విన్నది విన్నట్టు రాసుకున్నాడు. దాన్ని చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త దొదాఁ 1803లో ఆ ప్రజాతి మొత్తానికి "బుంగారస్" అని పేరు పెట్టాడు. కట్లపాములన్నిటికీ శాస్త్రలోకంలో నేటికీ అదే పేరు. తైవాన్‌లో కట్లపాము కరిచినా అక్కడి డాక్టరు రాసే పేరులో మన బంగారం ఉంటుంది. అదే 1803లో విశాఖ తీరంలో దొరికిన 200 రకాల చేపల మీద రస్సెల్ పుస్తకం వచ్చింది. అందులోనూ మన జాలర్ల నోటి పేర్లే.

రస్సెల్ తర్వాత ఆ పనిలోకి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ కూడా వైద్యుడే, కంపెనీ సర్జన్. సామర్లకోటలో ఉండగా తోట వేసి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. కలకత్తా వెళ్లాక అవి పెరిగి పెరిగి 2,500 దాటాయి. లండన్ దగ్గర క్యూ తోటలోనూ కలకత్తాలోనూ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువడిన ఆయన మూడు పెద్ద సంపుటాల్లోనూ తెలుగు పేర్లు కనిపిస్తాయి. కుంచె పట్టినవాళ్ల పేర్లు కూడా ఆ ముఖపత్రం మీద ఉండి ఉంటే ఎంత బాగుండేది.

అణాకో దోమ

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడన్నది బడిలో చదువుకున్నదే. ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే రోగిని. ఒళ్లు అప్పగించి కుట్టించుకున్నందుకు దోమకు అణా చొప్పున కూలి ఇచ్చారు. ఆ పేరు మనకు తెలియడానికి కారణం రాస్ ప్రతి చిన్న విషయమూ రాసిపెట్టుకునే మనిషి కావడం. లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మ్యాన్సన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. దోమను అనుమానించమని దారి చూపింది మ్యాన్సనే. వారాల తరబడి ఓడల్లో తిరిగిన ఆ ఉత్తరాలు ఇటువీ అటువీ రెండూ మిగిలాయి కాబట్టి, ఒక పరిశోధన ఎలా తడబడి, విసిగి, మళ్లీ లేచి గమ్యం చేరిందో ఈరోజు మనం వరసగా చదవగలుగుతున్నాం.

1902లో నోబెల్ వచ్చింది కానీ, తాను చేసినదానికి తగిన ప్రతిఫలం దక్కలేదన్న బాధ రాస్‌ను చివరిదాకా తిన్నది. 1928లో, ముసలితనంలో, భార్యాపిల్లల కోసం డబ్బు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చి తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టాడు. లేడీ హ్యూస్టన్ అనే ధనికురాలు 2,000 పౌండ్లు పెట్టి కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇవ్వబోయింది. వాళ్లు వద్దన్నారు! ఇప్పుడవి కొన్ని లండన్‌లోని ఉష్ణమండల వైద్య కళాశాలలో, కొన్ని గ్లాస్గో వైద్యుల కళాశాలలో ఉన్నాయి. కోట్లమంది ప్రాణాలకు సంబంధించిన ఒక నిజం మొదట నమోదైన కాగితాలు వద్దనిపించుకున్నాయంటే మనసు చివుక్కుమంటుంది.

హైదరాబాదుకు ఇంకో ముడి క్లోరోఫాం. కలరాకు నీళ్లే కారణమని లండన్‌లో పటం గీసి నిరూపించిన జాన్ స్నో మత్తుమందు నిపుణుడు కూడా. 1848 నుంచి 1858లో చనిపోయేదాకా తాను చూసిన కేసులన్నీ మూడు పుస్తకాల్లో రాసుకున్నాడు. లండన్ వైద్యుల కళాశాలలో అవి ఉన్నాయి. 1853 ఏప్రిల్ 7 నాటి పేజీలో ఒక కాన్పు కేసు ఉంటుంది, మిగతా కేసుల్లాగే నిదానంగా రాసి ఉంటుంది. ఆ బాలింత విక్టోరియా మహారాణి. గుడ్డ మీద చుక్కలు వేసి 53 నిమిషాలు క్లోరోఫాం వాసన చూపించాడు.

ఆ క్లోరోఫాం వల్ల కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారన్న గొడవ తేల్చడానికి హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు కమిషన్లు వేయించాడు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి ఇంగ్లండ్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. ముందు ఊపిరే ఆగుతుంది, గుండె కాదు అని వాళ్లు తేల్చారు. అది పొరపాటని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అయినా ఆ నివేదికలు ఒకప్పుడు ప్రపంచ వైద్యుల మధ్య పెద్ద చర్చకు కారణమయ్యాయి. ఆ రోజుల్లోనే లారీ దగ్గర శిక్షణ పొంది క్లోరోఫాం ఇచ్చే పనిలో చేయి తిరిగిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటారు.

ఇలాంటివాటిని వెతికి, పోగుచేసి, పాఠంగా చెప్పాలన్న పట్టుదలతో డి.వి. సుబ్బారెడ్డి గారి సారథ్యంలో 1956లో ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగం మొదలైంది. అదే ఇప్పుడు హైదరాబాదులో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా ఉంది.

బొమ్మల్లో దొరికిన సంగతులు

థామస్ హికీ 1805 ప్రాంతంలో మైసూరులో ముగ్గురు రాణివాసపు స్త్రీల చిత్రం వేశాడు. నాట్యకత్తెలనో, పేరు తెలియని స్త్రీలనో చాలాకాలం అనుకున్నారు. కేంబ్రిడ్జి చరిత్రకారుడు నైజెల్ చాన్సెలర్ దాన్ని ఇంకోలా చూశాడు. కుడివైపు ఉన్న చిన్న రాణి చీర చెంగు పక్కకు తీసి దండచేయి చూపిస్తోంది. మశూచికి జెన్నర్ కనిపెట్టిన కొత్త టీకా వేసేది అక్కడే. ఎడమవైపు రాణి ముక్కు చుట్టూ, మూతి చుట్టూ రంగు తేడాగా ఉంది. అది పాత పద్ధతిలో, మశూచి పొక్కుల పొడినే పీల్పించి రక్షణ తెచ్చుకున్నదాని గుర్తు అంటాడాయన. అంటే పాత వైద్యం ఒక అంచున, కొత్త వైద్యం ఇంకో అంచున నిలబడ్డ చిత్రం. టీకా అంటే జనం జంకుతున్న కాలంలో, రాణులే వేయించుకున్నారని చెప్పడానికి వేసిన ప్రచార చిత్రమని ఆయన వాదన. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన ఊళ్లు ఎరిగినవాళ్లకు ఆ వాదన బలం తెలుస్తుంది.

అన్నట్టు, జెన్నర్ మొదటి టీకాకు మూలమైన ఆవు పేరు బ్లాసమ్. దాని చర్మం లండన్‌లో సెయింట్ జార్జ్ వైద్య కళాశాల గ్రంథాలయంలో నేటికీ గోడకు ఉంది.

రెంబ్రాంట్ 1632లో వేసిన డాక్టర్ టుల్ప్ శవపరీక్ష పాఠం చాలామంది చూసిన చిత్రమే. అందులో ఒకాయన చేతిలో కాగితం ఉంటుంది. దాని మీద చిత్రంలో ఉన్న సర్జన్ల పేర్లన్నీ తర్వాత ఎవరో రాయించారు. బల్ల మీద ఉన్న దొంగ ఆరిస్ కింట్ పేరు మనకు తెలిసింది వేరే దస్త్రాల వల్ల.

ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ 1875లో డాక్టర్ గ్రాస్ ఆపరేషన్ చేస్తున్న చిత్రం వేశాడు. చేతికి నెత్తురు, పక్కన ముఖం కప్పుకున్న ఒక స్త్రీ, వెనక కూర్చుని కేసు వివరాలు రాసుకుంటున్న గుమాస్తా. మరుసటేడు జరిగిన పెద్ద ప్రదర్శనలో కళల విభాగం దాన్ని తీసుకోనంది. చివరికి సైనిక ఆస్పత్రి నమూనాలో మంచాల మధ్య పెట్టారు. పూర్వ విద్యార్థులు 200 డాలర్లిచ్చి కొని తమ వైద్య కళాశాలకు ఇచ్చారు. 2006లో కళాశాల దాన్ని 6.8 కోట్ల డాలర్లకు బయటి ఊళ్లకు అమ్మబోతే ఊరు ఊరంతా కదిలి చందాలు వేసుకుని ఆపింది. ఒక డాక్టరు బొమ్మ ఊరు దాటకూడదని జనం ఇంత పట్టుబట్టడం గొప్ప సంగతి.

ఇందుకు పూర్తి విరుద్ధం డాక్టర్ ఫెలిక్స్ రే ఇంటి ముచ్చట. చెవి కోసుకుని వచ్చిన వ్యాన్ గోకు ఆర్ల్ ఆస్పత్రిలో చికిత్స చేసిన కుర్ర డాక్టరు ఈయన. కృతజ్ఞతగా వ్యాన్ గో ఆయన బొమ్మ వేసి ఇచ్చాడు. నచ్చలేదు. ఆ ఇంట్లో అది కోళ్లగూడు కన్నం మూయడానికి పనికొచ్చింది. ఇప్పుడు మాస్కోలో పుష్కిన్ మ్యూజియంలో ఉంది.

అదే డాక్టరు రాసిన ఇంకో కాగితం ముక్క మాత్రం వందల పుస్తకాల వాదనను ముగించింది. వ్యాన్ గో చెవి మొత్తం కోసుకున్నాడా, తమ్మె మాత్రమేనా? 1930లో, వ్యాన్ గో మీద నవల రాయబోతున్న ఇర్వింగ్ స్టోన్ అడిగితే, ముసలి డాక్టరు రే తన మందుల చీటీ మీద చెవి గీసి, ఎక్కడ కోశాడో చుక్కల గీతతో చూపించాడు. దాదాపు మొత్తం చెవి. ఆ చీటీ స్టోన్ కాగితాలతో పాటు కాలిఫోర్నియాలో బర్క్‌లీ గ్రంథాలయంలో పడి ఉంది. బెర్నడెట్ మర్ఫీ అనే పరిశోధకురాలు వెతికి తీసి 2016లో లోకానికి చూపించింది.

ముగ్గురమ్మాయిల ఫొటో

ఫిలడెల్ఫియాలోనే డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ దస్త్రాల్లో 1885 అక్టోబర్ 10 నాటి ఫొటో ఒకటుంది. మహిళా వైద్య కళాశాలలో చదువుతున్న ముగ్గురు తమ తమ దేశాల దుస్తుల్లో కూర్చున్నారు. మన దేశం నుంచి చీర కట్టుకున్న ఆనందీబాయి జోషి, జపాన్ నుంచి కేయ్ ఒకామి, సిరియా నుంచి సబత్ ఇస్లాంబూలీ. 1883లో సీటు కోరుతూ ఆనందీబాయి స్వహస్తంతో రాసిన ఉత్తరం కూడా అక్కడే ఉంది. అప్పటికామెకు పద్దెనిమిదేళ్లు. బిడ్డను పుట్టిన పది రోజులకే పోగొట్టుకున్న తల్లి. 1886లో పట్టా తీసుకుంది. 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండు నిండకముందే, క్షయతో పుణెలో కన్నుమూసింది. ఆమె అస్థికలను అమెరికాలో ఆశ్రయమిచ్చిన కార్పెంటర్ కుటుంబానికి పంపారు. న్యూయార్క్ రాష్ట్రంలో వాళ్ల కుటుంబ శ్మశానంలో వాటిని ఉంచారు. ఆమె ఒక్క రోగినైనా స్వతంత్రంగా చూసే రోజు రాలేదు. ఆ ఫొటో చూసిన ప్రతిసారీ ముందు ఆ కళ్లలో ధైర్యమే కనిపిస్తుంది, తర్వాతే తేదీ గుర్తొస్తుంది.

అస్థికలంటే గుర్తొచ్చింది: కెనడాలోని మాంట్రియల్‌లో ఒక గ్రంథాలయం ఉంది. ఆధునిక వైద్య విద్యకు పెద్దదిక్కు విలియం ఆస్లర్ తాను సేకరించిన దాదాపు 8,000 వైద్య గ్రంథాలు, రాతప్రతులు తాను చదివిన మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు. 1929లో అది తెరిచారు. ఆయనవీ భార్యవీ అస్థికలు ఆ పుస్తకాల గదిలోనే గోడలో ఉన్నాయి.

భీమవరం అబ్బాయి

కాగితాలు దాచుకోనివాళ్ల మాటేమిటి? యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో చదివేటప్పుడు ఖద్దరు తొడిగినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీతో బయటికి వచ్చాడు. అమెరికా వెళ్లి, 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరాలకు శక్తి ఎక్కడ్నుంచి వస్తుందో చూపించాడు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందాల నుంచి ఆరియోమైసిన్, బోదకాలు మందు హెట్రజాన్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఫొటోలకు ముందుకు వచ్చే మనిషి కాదు, తన గురించి చెప్పుకునే మనిషీ కాదు. 1948లో న్యూయార్క్‌లో ఒంటరిగా నిద్రలోనే పోయాడు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్క్ ఈర్ష్యతో బయటికి రానివ్వలేదనీ, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ మొదట్నుంచి కనిపెట్టాల్సి వచ్చిందనీ నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. ఎస్.పి.కె. గుప్తా అనే పాత్రికేయుడు ఇక్కడా అమెరికాలోనూ మనుషుల్ని కలిసి, జ్ఞాపకాలు, కాగితాలు ఏరుకొచ్చి 1987లో జీవితచరిత్ర వేయకపోతే, ఈరోజు మనం చెప్పుకునే సుబ్బారావు కథలో సగం ఉండేది కాదు. హంటర్‌కు క్లిఫ్ట్ ఎలాగో, సుబ్బారావుకు గుప్తా అలాగ.

అమ్మకు రాసిన ఉత్తరాలు

టొరంటో విశ్వవిద్యాలయపు ఫిషర్ గ్రంథాలయంలో ఇన్సులిన్ కాగితాలన్నీ ఉన్నాయి. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన బాంటింగ్ నోటుబుక్కులు, లెక్కలు, రోగుల పట్టికలు. వాటి మధ్య పెన్సిలుతో పిల్లలు రాసే పెద్ద పెద్ద అక్షరాల ఉత్తరం ఒకటి. చక్కెర జబ్బు ఉన్న టెడ్డీ రైడర్ అనే కుర్రాడిది. 1922 జూలైలో అయిదేళ్ల వయసులో టొరంటోకు తెచ్చినప్పుడు వాడి బరువు పన్నెండు కిలోలు. ఆ ఏడాది దాటడని అందరూ అనుకున్నారు. మరుసటేడు బాంటింగ్‌కు రాసిన ఆ ఉత్తరంలో తాను ఇప్పుడు లావయ్యాననీ, చెట్టెక్కగలననీ గర్వంగా చెప్పుకున్నాడు. టెడ్డీ 76 ఏళ్లు బతికి 1993లో చనిపోయాడు. తన చికిత్స కాలం నాటి ఫొటోలు, కాగితాలు అంటించిన పుస్తకం కూడా ఆ గ్రంథాలయానికే చేరింది.

అదే 1922 ఆగస్టులో ఇంకో పిల్ల వచ్చింది. ఎలిజబెత్ హ్యూస్, అమెరికా విదేశాంగ మంత్రి కూతురు, పదిహేనేళ్లు. ఆకలితోనే మూడేళ్లు బతికిన పిల్ల. అప్పట్లో చక్కెర జబ్బుకు తిండి మానడమొక్కటే మందు. ఇన్సులిన్ పడ్డాక మళ్లీ తిండి తిన్న సంబరాన్ని ఉత్తరాల్లో వాళ్లమ్మకు పోసి రాసింది. పెరిగింది, పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కన్నది. ఆ జబ్బు సంగతి మాత్రం లోకానికి తెలియనివ్వకుండా దాచుకుంది. తండ్రి కాగితాల్లో తన జబ్బు ప్రస్తావనలు ఉన్నవన్నీ తీసేయించింది. నలభై రెండు వేలకు పైగా ఇంజెక్షన్లు తీసుకుని 1981లో పోయింది.

అమ్మకు రాసిన ఉత్తరాలు మాత్రం పోలేదు. అవి ఇప్పుడు ఫిషర్‌లో, టెడ్డీ పెన్సిలు ఉత్తరంతో ఒకే కప్పు కింద ఉన్నాయి.